పెర్డిటా అను పేరు

లండను నగరమున వాలెస్ కలెక్షన్ అను చిత్రశాల కలదు. అందు థామస్ గెయిన్స్‌బరో 1781లో రచించిన తైలవర్ణ చిత్రమొకటి ఉన్నది. దాని ఎత్తు ఏడడుగులకు పైమాటే. చెట్ల నడుమ ఒక యువతి కూర్చుండి యున్నది. ప్రక్కన తెల్లని కుక్క. చేతిలో అరచేతికి సరిపోవు చిన్న పటము. ఆమె మేరీ రాబిన్సన్. కాని ఆ చిత్రమునకు పెట్టిన పేరులో ‘పెర్డిటా’ అను మాటయు చేరియున్నది. ఈ రెండవ పేరు ఆమెకెట్లు వచ్చినదో మనము తెలిసికొనదగును.

పెర్డిటా షేక్‌స్పియరు వ్రాసిన ‘వింటర్స్ టేల్’ నాటకమునందలి కన్య. ఆ పేరునకు లాటిను భాషలో ‘పోయినది’ అని అర్థము. తండ్రియైన రాజు అనుమానముచే శిశువును పారవేయించును. గొర్రెలకాపరి యింట పెరిగిన ఆ బాలను ఫ్లోరిజెల్ అను రాజకుమారుడు ప్రేమించును. కడకు ఆమె జన్మరహస్యము తెలిసి, తండ్రి ఆమెను స్వీకరించును.

మేరీ బ్రిస్టల్ పట్టణమున జన్మించెను. 1773లో వివాహమయ్యెను. భర్త అప్పులపాలై చెరసాలకు పోగా, పసిబిడ్డతో ఆమెయు అచ్చటనే కాపురముండెను. 1775లో ఆమె పద్యసంపుటి వెలువడెను. మరుసటి యేట పొట్టకూటికై డ్రూరీ లేన్ నాటకశాలలో జూలియట్ వేషముతో రంగమెక్కెను.

1779 డిసెంబరు 3వ తేదీన రాజకుటుంబము ఎదుట ఆమె పెర్డిటాగా నటించెను. పదునేడేండ్ల యువరాజు జార్జి ఆమెపై మనసుపడి, ఫ్లోరిజెల్ అని సంతకము చేయుచు లేఖలు వ్రాసెను. యుక్తవయసు రాగానే 20,000 పౌనులు ఇత్తునని పత్రము వ్రాసి యిచ్చెను. ఆ మాట నమ్మి ఆమె నాటకరంగమును విడిచెను. 1780 ముగియుసరికి యువరాజు ఆమెను విడిచెను. మరుసటి యేట తండ్రియైన మూడవ జార్జి రాజు 5,000 పౌనులు చెల్లించి, ఆ లేఖలను తిరిగి రప్పించుకొనెను.

చిత్రమును వ్రాయించినవాడు యువరాజే. ఆమె చేతిలోని పటము అతని రూపమే. శకుంతల కథ నెరిగిన మనకు ఇచ్చట ఉంగరము జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని ఈ పటమునకు ఆ ఉంగరమునకున్న శక్తి లేకపోయెను. చిత్రమును సైతము యువరాజు 1818లో హర్ట్‌ఫర్డ్ ప్రభు కుటుంబమునకు ఇచ్చివేసెను.

పత్రికలవారును వ్యంగ్యచిత్రకారులును ఆమెను పెర్డిటా అనియే పిలిచిరి. రంగస్థలముపై ముద్దైన పేరు వీధిలో ఎగతాళి యయ్యెను. 1783లో జబ్బుచేసి ఆమె కాళ్ళు చచ్చుబడెను. నటన యిక సాధ్యము కాదు. కలమే ఆధారమయ్యెను. లారా మరియా, టబితా బ్రాంబుల్ మొదలగు పేర్లు తనకు తానే పెట్టుకొని పద్యములు ప్రకటించెను. 1792లో ‘వాన్సెంజా’ నవల వ్రాసెను. 1799లో ఆన్ ఫ్రాన్సెస్ రాండల్ అను పేరుతో ఇంగ్లండు స్త్రీల నుద్దేశించి ఒక లేఖా గ్రంథము వెలువరించెను. బుద్ధిలో స్త్రీ పురుషునకు తీసిపోదనియు, స్త్రీలకొక విశ్వవిద్యాలయము కావలెననియు అందు వాదించెను. 1800లో ‘లిరికల్ టేల్స్’ పద్యసంపుటిని ప్రకటించి, ఆ యేటి డిసెంబరు 26న కన్నుమూసెను.

నాటకములో పెర్డిటాను పోగొట్టినవాడు రాజే, స్వీకరించినవాడును రాజే. మేరీ రాబిన్సన్‌ను ఏ రాజును స్వీకరింపలేదు. పోయిన గౌరవమును ఆమె తన వ్రాతతోనే సంపాదించుకొనవలసి వచ్చెను. చిత్రమును చూచినప్పుడు మనము ఒక సంగతి మరువరాదు. యువరాజు ఆమెను పెర్డిటా యని పిలుచుటకు నాలుగేండ్ల ముందే, 1775లో, ఒక పద్యగ్రంథముపై రాబిన్సన్ అను ఆమె సొంత పేరు అచ్చుపడి యున్నది.