టేబుల్ పర్వతంపై పాత ఆనకట్ట

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం వెనుక గోడవలె నిలిచిన కొండకు టేబుల్ పర్వతమని పేరు. పీటవలె దాని నెత్తి చదునుగా ఉన్నది. 1652లో డచ్చివారు అక్కడ దిగినది దారినపోయే తమ ఓడలకు మంచినీరు, కూరగాయలు సమకూర్చుటకే. 19వ శతాబ్ది చివరకు ఊరు పెరిగి, కొండ ఊటలు చాలకపోయినవి. అక్కడ జూన్, జూలై నెలలు శీతకాలము, వానలు అప్పుడే. వేసవి పొడిగా గడుస్తుంది. కనుక నీటిని నిలువచేయక తప్పలేదు.

థామస్ స్టూవర్ట్ అనే ఇంజనీరు కొండమీదనే ఆనకట్ట కట్టించాడు. అంతకు ముందే, 1891 నాటికి, వేరొక దిక్కుకు పోయే వాగును నగరంవైపు మళ్ళించుటకు కొండను తొలిచి సొరంగం వేశారు. రాయి కొండమీదే దొరికినది. సిమెంటు మాట అట్లా కాదు. అందుకని సముద్రతీరం వైపునుండి ఇనుప తీగలపై నడిచే రోప్‌వే కట్టి సామాను, మనుషులను పైకి చేర్చారు. 1897లో పూర్తయిన ఈ వుడ్‌హెడ్ ఆనకట్ట ఎత్తు 44 మీటర్లు. రెండవదైన హెలీ-హచిన్సన్ 1904లో ముగిసినది. దాని పనికై 1898లో స్కాట్లండులో తయారైన చిన్న ఆవిరి ఇంజనును విడదీసి కొండెక్కించారు!

గోడ అడుగున అంత లావు ఎందుకు? నీటి ఒత్తిడి చెరువు వైశాల్యాన్నిబట్టి కాక లోతునుబట్టి ఉంటుంది. 40 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరుపై సుమారు 40 టన్నుల తోపుడు. దానిని ఆపేది గోడ బరువే.

ఈ జలాశయాల నీరు తేనీటి రంగులో ఉంటుంది. చూచినవారు మురికి అనుకుంటారు. అది పొదల ఆకులు కుళ్ళగా దిగిన రంగు. ఇసుకరాయి నీటిలో దాదాపు కరగదు కనుక సున్నపు పాలు తక్కువ. నీరు మెత్తన, కొంచెం ఆమ్లగుణం కలది.

1998 నుండి ఈ కొండ జాతీయ వనంలో భాగము. ఆనకట్టలు నేటికీ పనిచేస్తున్నవి. కాని కాస్టీల్స్‌పోర్ట్ కనుమ ఎక్కి వచ్చేవారికి అంచున కనిపించేవి రోప్‌వే శిథిలాలు, కార్మికుల నివాసాల పునాదులు మాత్రమే. ఆ ఇంజను మాత్రం ఆనకట్ట దాపున చిన్న ప్రదర్శనశాలలో పదిలంగా ఉన్నది.

రెండు జలాశయాలూ నిండితే సుమారు 188 కోట్ల లీటర్లు. 2018 కరవులో ఆ నగరం మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నది. జనం దాదాపు 40 లక్షలు. లెక్క కట్టితే, ఆ నీరు తొమ్మిది రోజులకు సరి.