ఆసుపత్రి రోగులలో పోషకాహార లోపం: చరిత్ర

ఆసుపత్రిలో చేరేనాటికే రోగికి ఉన్న పోషకాహార లోపం, అక్కడ చికిత్స పొందుతుండగా ఏర్పడే లోపం రెండూ ఈ అంశం కిందికి వస్తాయి. ఆకలి చచ్చిపోవడం, మింగలేకపోవడం, పరీక్షల కోసం పరగడుపున ఉంచడం, జబ్బు తీవ్రతకు కండ కరగడం దీనికి ముఖ్య కారణాలు. లోపం ఉన్నవారికి గాయాలు ఆలస్యంగా మానతాయి, ఇన్ఫెక్షన్లు ఎక్కువగా సోకుతాయి.

రోగికి ఏది పథ్యమో చరక సంహిత విస్తారంగా చర్చించింది. మధ్యయుగాల్లో అరబ్బు దేశాల ఆసుపత్రులు, ఐరోపాలోని క్రైస్తవ మఠాలు రోగులకు అన్నపానాలు సమకూర్చాయి.

ఆధునిక చరిత్ర క్రిమియా యుద్ధంతో మొదలవుతుంది. 1854 నవంబరులో నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ టర్కీలోని స్కుటారిలో ఉన్న బ్రిటిష్ సైనిక ఆసుపత్రికి చేరారు. మరుసటి ఏడాది, లండన్‌లో పేరుమోసిన ఫ్రెంచి వంటవాడు అలెక్సిస్ సోయర్ సొంత ఖర్చుతో అక్కడికి వెళ్లాడు. ఎవరి వంతు మాంసానికి వారు గుడ్డపీలికో మరొకటో గుర్తుగా కట్టి, అన్నిటినీ ఒకే గంగాళంలో వేసి ఉడికించడం, సారమంతా దిగిన ఆ నీళ్లను పారబోయడం ఆయన కంటబడింది. ఆ నీటినే సూపుగా కాయించి, వంటలకు కొలతలు పెట్టి, వంటశాలను చక్కదిద్దాడు. 1859 నాటి ‘నోట్స్ ఆన్ నర్సింగ్’లో నైటింగేల్ రోగుల ఆహారానికి ప్రత్యేకంగా చోటిచ్చారు. తర్వాత తింటాడులే అని పళ్లెం మంచం పక్కనే వదిలి వెళ్లరాదనీ, నీరసించిన రోగుల్లో చాలామంది ఉదయం పదకొండు లోపు గట్టి ఆహారం తినలేరనీ ఆమె చేసిన సూక్ష్మ పరిశీలనలు నేటికీ వార్డులకు వర్తిస్తాయి.

1936లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన శస్త్రవైద్యుడు హైరమ్ స్టడ్లీ పోషణ లోపం ప్రాణాల మీదికి తెస్తుందనడానికి అంకెల ఆధారం చూపాడు. జీర్ణాశయ పుండ్లకు ఆపరేషన్ చేయించుకున్నవారిలో, అంతకుముందే 20 శాతానికి మించి బరువు తగ్గినవారిలో మూడింట ఒక వంతు మంది మరణించారు. మిగిలినవారిలో మరణాలు 3.5 శాతమే. 1960ల్లో స్వీడన్‌కు చెందిన అర్విడ్ వ్రెట్లిండ్ సిరలోకి ఎక్కించే కొవ్వు ఎమల్షన్‌ను రూపొందించాడు; అమెరికాలో స్టాన్లీ డడ్రిక్ బృందం సంపూర్ణ సిరామార్గ పోషణను రూపొందించింది. నోటితో తినలేని రోగిని బతికించే మార్గం దొరికింది.

సాధారణ వార్డుల్లో మాత్రం పరిస్థితి మారలేదు. 1974లో అలబామా విశ్వవిద్యాలయ వైద్యుడు చార్లెస్ బటర్‌వర్త్ ‘ఆసుపత్రి బీరువాలోని అస్థిపంజరం’ అనే అర్థం వచ్చే శీర్షికతో సాహసోపేతమైన వ్యాసం రాశాడు. ఎత్తు, బరువు నమోదు చేయకపోవడం, రోజుల తరబడి సెలైన్, గ్లూకోజ్‌లతో నెట్టుకురావడం, రోగి ఏం తింటున్నాడో చూసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోవడం, ఇవన్నీ వైద్యుల చేతుల్లో జరుగుతున్న హాని అని ఆయన అభియోగం. 1992లో బ్రిటన్‌లో కింగ్స్ ఫండ్ అనే స్వచ్ఛంద సంస్థ రోగుల పోషణపై నివేదిక వెలువరించింది. రోగుల పోషణ కోసం పనిచేసే బపెన్ సంస్థ కూడా అప్పుడే ఏర్పడింది. 1994లో డండీ ఆసుపత్రి అధ్యయనం ప్రకారం చేరిన 500 మందిలో 200 మందికి పోషణ లోపం ఉంది. ఆ 200 మందిలో 96 మంది కేస్ షీట్లలోనే పోషణ గురించి ఏదైనా రాసి ఉంది.

విధానాలు వేగం అందుకున్నది 2003 నుంచే. ఆ ఏడాది ఐరోపా మండలి ఆసుపత్రి ఆహారంపై తీర్మానం చేసింది; పోషణ లోపం ముప్పున్న రోగులను గుర్తించే ‘మస్ట్’ అనే స్క్రీనింగ్ పద్ధతిని బపెన్ విడుదల చేసింది. శరీర బరువు సూచీ, అనుకోకుండా తగ్గిన బరువు, జబ్బు వల్ల ఐదు రోజులకు మించి తిండి లేకపోవడం అనే మూడు అంశాలకు మార్కులు వేసే ఈ పద్ధతిని నర్సు కొద్ది నిమిషాల్లో పూర్తి చేయగలదు. చేరిన ప్రతి రోగికీ ఈ స్క్రీనింగ్ చేయాలనీ, తర్వాత వారం వారం మళ్లీ చూడాలనీ 2006లో ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ సూచించింది. తినడానికి సాయం కావలసినవారికి ఎర్ర ట్రేలో భోజనం పెట్టడం, భోజన వేళల్లో వైద్యుల రౌండ్లు ఆపడం అక్కడి వార్డుల్లో ప్రవేశించాయి. ఎర్ర ట్రే ఖర్చులేని ఉపాయం. అయితే పక్కన కూర్చుని తినిపించే మనిషి ఉంటేనే దానికి ఫలితం.

2019లో ‘లాన్సెట్’లో వచ్చిన స్విట్జర్లాండ్ అధ్యయనం ఎనిమిది ఆసుపత్రుల్లో 2,088 మందిపై జరిగింది. ఒక్కో రోగికి తగినట్లు ఆహారం అమర్చినప్పుడు, నెల రోజుల్లో తీవ్ర పరిణామాలు 27 నుంచి 23 శాతానికి, మరణాలు సుమారు 10 నుంచి 7 శాతానికి తగ్గాయి.

భారతదేశంలో 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలిన జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు ప్రధానంగా సమాజంలోని లోపాల మీద సాగాయి. ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలు రోగి పోషణ అంచనాను కోరతాయి, కానీ ఆ గుర్తింపు స్వచ్ఛందం. క్షయ రోగులకు 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన కేంద్ర పోషణ సాయం 2024 నవంబరు నుంచి 1,000 అయింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రభుత్వాసుపత్రుల రోగుల రోజువారీ డైట్ చార్జీలను 40 నుంచి 80 రూపాయలకు, క్షయ వంటి జబ్బులవారికి 56 నుంచి 112 రూపాయలకు పెంచింది.