పళ్ళ తెలుపు చికిత్స, దంత సంరక్షణ: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంత చరిత్ర

పంటి పైన పట్టిన మరకలనూ, పంటి లోపలికి ఇంకిన రంగునూ తగ్గించి దాన్ని సహజమైన ఛాయకు దగ్గరగా తెచ్చే దంతవైద్య ప్రక్రియే పళ్ళ తెలుపు చికిత్స. వాడుకలో దీన్ని బ్లీచింగ్ అనీ, టీత్ వైటెనింగ్ అనీ అంటారు. పాచి, గార, పొగాకు, కాఫీ, టీ, కిళ్ళీ వల్ల వచ్చే మరకలు పంటి పైపొరకే పరిమితం. ఫ్లోరైడు, కొన్ని మందులు, దెబ్బ తగిలి నరం చచ్చిన పన్ను, వయసు వీటివల్ల వచ్చే రంగు లోపలిది. పైమరకను క్లీనింగ్ తీసేస్తుంది. లోపలి రంగుకు బ్లీచింగ్ కావాలి, కొన్నిసార్లు అదీ చాలదు. అందుకే ఈ చికిత్సలో మొదటి పని మరక ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకోవడం. పశ్చిమ గోదావరి జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న విడివడిన ఏలూరు జిల్లా, పాత జిల్లాలోనే ఉండిపోయిన తాడేపల్లిగూడెం, వీటికి ఆనుకున్న కొల్లేటి లంకలు ఈ వ్యాసం పరిధి.

ప్రాచీన కాలం

సుశ్రుత సంహిత చికిత్సాస్థానం పందుంపుల్ల పన్నెండంగుళాల పొడవు, చిటికెనవేలి మందం ఉండాలని చెప్పి, వేప, చండ్ర, ఇప్ప, కానుగ చెట్ల పుల్లలను మెచ్చుకుంది. తేనె, త్రికటువు, నూనె, సైంధవ లవణం కలిపిన పొడితో పళ్ళు తోముకోమనీ చెప్పింది. బౌద్ధ వినయ పిటకంలో భిక్షువులకు పందుంపుల్ల అనుమతిస్తూ దాని పొడవు ఎనిమిదంగుళాలు మించరాదని, నాలుగంగుళాలకు తగ్గరాదని నియమం ఉంది. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహావిహారాల్లో శతాబ్దాల పాటు భిక్షువులు నివసించారు కాబట్టి ఈ నియమం ఈ ప్రాంతానికి పరాయిది కాదు. ఏడో శతాబ్దంలో భారతదేశంలో ఉండి వెళ్ళిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ పందుంపుల్ల వాడకానికి తన గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించాడు.

ఏలూరు పక్కనే పెదవేగి రాజధానిగా శాలంకాయనులు, తరవాత వేంగీ చాళుక్యులు ఏలిన కాలం నుంచి ఇంగ్లీషువాళ్ళు వచ్చేదాకా దంతధావన పద్ధతి పెద్దగా మారలేదు.

పుల్ల, కచిక, ఊక బూడిద

ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా ఈ పల్లెల్లో పొద్దున్నే నోట్లో పెట్టుకునేది వేపపుల్ల, కానుగపుల్ల, తుమ్మపుల్ల, ఉత్తరేణి వేరు, మర్రి ఊడ. పుల్ల చివర బెరడు ఒలిచి, దవడ పళ్ళ కింద నమిలి కుంచెలా చేసేవారు. ఒక్కొక్క పంటినీ దానితో రుద్ది, రుద్దటం అయ్యాక పుల్లను నిలువునా చీల్చి ఆ బద్దతో నాలుక గీసుకునేవారు. కొబ్బరి తోటలున్న ఊళ్ళలో నాలుక గీసుకోవడానికి కొబ్బరి ఈనె వాడేవారు. వేపపుల్లలో చేదుతోపాటు క్రిములను అణచే గుణమూ ఉంది. సక్రమంగా నమిలి వాడితే చిగుళ్ళకు అది మంచి సాధనం.

పుల్లతోపాటు పొడులూ ఉండేవి. పిడకలు కాల్చిన కచిక, పొయ్యి బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి చాలా ఇళ్ళలో కనిపించేవి. వరి పండే డెల్టాలో ఊక బూడిదకు కొదవ లేదు. ఊక బూడిదలో అధిక భాగం సిలికా. పొడి వేలికి అద్ది గట్టిగా రుద్దితే ఆ రోజు పళ్ళు తళతళలాడతాయి. ఏళ్ళ తరబడి రుద్దితే పంటి పైన ఉండే ఎనామిల్ అరిగి, దానికింద సహజంగానే పసుపు రంగులో ఉండే డెంటిన్ బయటపడుతుంది. తెల్లబడాలని తోమిన పళ్ళు పచ్చబడడానికీ, చిగురు మొదట్లో గాడిపడి చల్లనీళ్ళు తాగితే జివ్వుమనడానికీ కారణం ఇదే. బొగ్గు పేస్టు పేరుతో ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న వాటికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

అంగడి పళ్ళపొడులు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చాయి. మైసూరు రాజ్యంలోని నంజనగూడులో 1913లో మొదలైన సద్వైద్యశాల వారి గులాబీ రంగు పళ్ళపొడి, మంకీ బ్రాండ్ నల్ల పళ్ళపొడి తెలుగు ఊళ్ళలో పేరు తెచ్చుకున్నాయి. కోల్గేట్ సంస్థ భారతదేశంలో 1937లో ఏర్పడింది; దాని రేకు డబ్బా పొడి పల్లెలకు పేస్టు కన్నా ముందే చేరింది. పొగాకు కలిపిన పళ్ళపొడులనూ పేస్టులనూ కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది.

పొగాకు, తాంబూలం

ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వర్జీనియా పొగాకు వేలం కేంద్రాలు. గోదావరి లంకల పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. పండించే నేలలో వాడకమూ ఎక్కువే అయింది. చుట్ట పొగలోని తారు పంటి వెనకభాగంలో గోధుమ, నలుపు పొరగా పట్టుకుంటుంది. సున్నం, వక్క, ఆకు కలిసిన తాంబూలం ఎర్రమరక వేస్తుంది. ఈ రెండూ గార గరుకు మీద త్వరగా నిలుస్తాయి కాబట్టి గార తీయకుండా మరకను తీయడం కుదరదు. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు మీద 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం ప్రచురించిన పరిశోధన 10,169 మంది పల్లెవాసులను పరీక్షించింది. అంగిలి మీద వచ్చే మార్పులను ఆ పని వివరంగా నమోదు చేసింది. మరక చూసి దంతవైద్యుడి దగ్గరికి వచ్చినవారి నోటిలో బుగ్గలు, నాలుక, అంగిలి కూడా పరీక్షించడం పొగాకు వాడకం ఎక్కువైన ఈ ప్రాంతంలోనూ ఎంతో అవసరం.

నీళ్ళు

పంటి రంగుకు తాగునీటితో సంబంధం ఉందని మొదట చెప్పింది అమెరికా. కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు ఊరివాళ్ళ పళ్ళ మీది గోధుమ మచ్చలను ఏళ్ళ తరబడి గమనించాడు. అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ 1931లో కారణం నీటిలోని ఫ్లోరైడని కనుక్కున్నాడు. ఆరేళ్ళకే, 1937లో, షార్ట్, మెక్‌రాబర్ట్, వారి సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను నమోదు చేశారు. భారతదేశంలో అదే మొదటిది. తరవాత నల్గొండ పేరే ఈ వ్యాధికి గుర్తుగా మిగిలింది; నీటినుంచి పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు.

గోదావరి డెల్టా అదృష్టం వేరు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచీ, తరవాతి బెజవాడ ఆనకట్ట నుంచీ వచ్చే కాలువలు ఏలూరు దగ్గర కలుస్తాయి. తరతరాలుగా ఈ ఊళ్ళు మంచినీటి చెరువులను కాలువ నీళ్ళతో నింపుకుని తాగాయి. నదీజలాల్లో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. ప్రకాశం, నల్గొండ జిల్లాల్లో కనిపించే సుద్దమచ్చల, గోధుమచారల పళ్ళు డెల్టా ఊళ్ళలో అరుదుగా ఉండడానికి ఇది ముఖ్య కారణం. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారత ప్రమాణం చెబుతోంది. ఇప్పుడు కొల్లేటి లంకల్లోనూ పట్టణాల్లోనూ తాగుతున్న ఆర్వో నీళ్ళలో ఉన్న కొద్ది ఫ్లోరైడూ పోతుంది. అలాంటి ఇళ్ళలో పిల్లలకు ఫ్లోరైడు పేస్టు మరింత అవసరం. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ పైవారికి బఠాణీ గింజంత చాలు.

భీమవరం నుంచి లెడర్లే దాకా

పళ్ళ రంగు చరిత్రలో ఈ నేలకు ఒక చిత్రమైన ముడి ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో పనిచేసి, చివరికి న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు సారథి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం, డైఇథైల్ కార్బమజీన్, మెథోట్రెక్సేట్ ఆయన నాయకత్వంలో వెలువడ్డాయి. ఆ ప్రయోగశాలలోనే, రిటైరైన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలోని మట్టి నమూనాలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే పసుపు రంగు మందును తీశారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఎన్నో జబ్బులకు ఒకే మందుగా పనిచేసి అసంఖ్యాకంగా ప్రాణాలు నిలిపింది. అయితే ఆ మందుకు కాల్షియంతో గట్టిగా కలిసే గుణం ఉంది. గర్భంలో ఉన్నప్పుడో, ఎనిమిదేళ్ళ లోపునో పంటి నిర్మాణం జరుగుతుండగా మందు పడితే అది డెంటిన్‌లో చేరి, వెలుగు తగిలేకొద్దీ పసుపు నుంచి బూడిద, గోధుమ రంగులకు మారుతుంది. మందు ఇచ్చిన కాలాన్ని బట్టి పంటి మీద అడ్డపట్టీలు ఏర్పడతాయి. 1950 దశకం రెండో సగంలో వైద్య పత్రికలు దీన్ని గుర్తించాక, చిన్నపిల్లలకూ గర్భిణులకూ ఈ మందులు ఇవ్వడం క్రమంగా తగ్గింది. 1960లు, 70లలో పుట్టిన తరంలో ముందుపళ్ళకు అడ్డంగా బూడిద పట్టీలు కనిపిస్తే దంతవైద్యులు చిన్నప్పుడు వాడిన మందుల గురించి మొదట అడిగేది ఇందుకే. ఒక మందు వేల మందిని బతికించి, దాని గుర్తును పళ్ళ మీద వదిలిందన్నమాట. సుబ్బారావు కీర్తికి ఇందులో లోటేమీ లేదు. ఈ పట్టీలు మామూలు మరకల్లా రెండు వారాల్లో పోవు. ఇంటి ట్రేలతో రాత్రిపూట చేసే బ్లీచింగ్ మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. చిగురు దగ్గరి ముదురు బూడిద మాత్రం చివరిదాకా మొండికేస్తుంది.

బ్లీచింగ్ రసాయనం

హైడ్రోజన్ పెరాక్సైడును 1818లో ఫ్రాన్సులో తెనార్ కనుక్కున్నాడు. నరం చచ్చి నల్లబడిన పంటిని సున్నపు క్లోరైడుతో తెల్లబరచే పద్ధతిని 1864లో ట్రూమన్ వర్ణించాడు. 1884లో హార్లన్ పెరాక్సైడును వాడాడు. 1918లో ఎబట్ దానికి వెలుగు, వేడి జోడించాడు. 1961లో స్పాసర్ చచ్చిన పంటి లోపల సోడియం పెర్బొరేటు పెట్టి మూసి ఇంటికి పంపే పద్ధతి చెప్పాడు.

ఇంటి బ్లీచింగ్ అనుకోకుండా దొరికింది. 1968లో అమెరికాలోని ఆర్కన్సాలో బిల్ క్లుస్మియర్ అనే డాక్టరు, చిగుళ్ళ వాపు తగ్గడానికి కార్బమైడ్ పెరాక్సైడున్న మందును పళ్ళ ట్రేలో వేసుకుని పడుకోమని రోగులకు చెప్పాడు. చిగుళ్ళు బాగుపడ్డాయి, పళ్ళు కూడా తెల్లబడ్డాయి. ఈ పద్ధతిని హేవుడ్, హేమన్ 1989లో శాస్త్రీయంగా ప్రచురించాక ప్రపంచమంతా పాకింది. పదిశాతం కార్బమైడ్ పెరాక్సైడు సుమారు మూడున్నర శాతం హైడ్రోజన్ పెరాక్సైడుకు సమానం. అది ఎనామిల్ గుండా డెంటిన్ దాకా ఇంకి, రంగు పుట్టించే పెద్ద అణువులను విడగొడుతుంది. ఐరోపా సమాఖ్య 2011 నాటి ఆదేశంలో వినియోగదారు నేరుగా కొనే సరుకుకు 0.1 శాతం, దంతవైద్యుని పర్యవేక్షణలో వాడేదానికి ఆరు శాతం పరిమితి పెట్టింది.

ఈ ప్రాంతంలో నేటి చికిత్స

భారత దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. తెలుగు ప్రాంతానికి మొదటి ప్రభుత్వ దంత కళాశాల 1959లో హైదరాబాదులో ఏర్పడింది. అంతకుముందు, ఆ తరవాత చాలాకాలం కూడా ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి ఊళ్ళలో పన్ను పీకించుకోవడం తప్ప మరొకటి దంతవైద్యమనిపించుకోలేదు. ఇప్పుడు ఏలూరు దగ్గరి దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంత కళాశాల, భీమవరంలో విష్ణు దంత కళాశాల ఉన్నాయి. కళాశాల ఆసుపత్రుల వల్ల చుట్టుపక్కల పల్లెలకు క్లీనింగ్ అందుబాటులోకి రావడం నిజమైన మేలు.

చికిత్స క్రమం ఇలా ఉంటుంది. ముందు పుచ్చులు, చిగుళ్ళ జబ్బు, పగుళ్ళు చూస్తారు. ఉంటే అవి నయమయ్యాకే బ్లీచింగ్. యంత్రంతో గార తీసి, పాలిష్ చేస్తారు. చాలామందికి ఇక్కడే కావలసినంత తెలుపు వచ్చేస్తుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం ఈ జిల్లాల్లో బాగా ఉంది. నిజానికి చిగురు కిందికి దిగిన గార ఎముకను తినేసి ఉంటే, ఇన్నాళ్ళూ పళ్ళ మధ్య అడ్డుకట్టలా నిలిచిన ఆ గార పోగానే అంతకుముందే ఉన్న కదలిక తెలుస్తుంది.

తరవాత పంటి ఛాయను రంగుల వరుసతో పోల్చి, ఫొటో తీసి రాసుకుంటారు. పెదవులను వెడల్పుగా తెరచి పట్టే పరికరం పెడతారు. చిగురు అంచు వెంట రంగు జెల్లును పూసి నీలికాంతితో గట్టిపరుస్తారు. ఘాటైన మందు చిగురుకు తగిలితే తెల్లగా పొక్కుతుంది కాబట్టి ఇది తప్పనిసరి. ఆపైన 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు జెల్లును పంటి ముందుభాగంలో పలుచగా రాసి, పావుగంట చొప్పున రెండు మూడు సార్లు మారుస్తారు. తరవాత ఒకటి రెండు రోజులు జివ్వుమనడం మామూలే. పొటాషియం నైట్రేటు పేస్టు దాన్ని తగ్గిస్తుంది. ఆ రెండు రోజులు కాఫీ, పసుపు పులుసు, కిళ్ళీ, చుట్ట మానమంటారు.

క్యాపులు, పుచ్చులో నింపిన సిమెంటు, పంటి ముందు అతికించే పలుచని పొరలైన వెనీరులు బ్లీచింగుకు తెల్లబడవు; అందుకే ముందుపంటికి క్యాపు ఉన్నవారికి పక్కపళ్ళు తెల్లబడ్డాక ఆ క్యాపును కొత్త ఛాయకు మార్చవలసి వస్తుంది. పద్దెనిమిదేళ్ళ లోపువారికీ, గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఈ చికిత్స వాయిదా వేస్తారు. నిమ్మరసం, వంటసోడా పూసుకునే గృహచిట్కాను దంతవైద్యులు ఒప్పుకోరు, ఎందుకంటే నిమ్మలోని ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. ఫ్లోరోసిస్ గోధుమ మచ్చలకు బ్లీచింగ్ ఒక్కటే చాలదు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ప్యూమిస్ పొడితో పైపొరను అతి కొద్దిగా అరగదీసే మైక్రోఅబ్రేషన్ పద్ధతి ముందు చేసి, అవసరాన్ని బట్టి బ్లీచింగో వెనీరో చేస్తారు. మచ్చల పళ్ళు అరుదైన డెల్టా పట్టణాల్లో ఈ కేసులు తక్కువ. ప్రకాశం, నల్గొండ వైపు నుంచి ఉద్యోగాలకు, చదువులకు వచ్చి స్థిరపడినవారిలో ఎక్కువగా ఎదురవుతాయి.