క్రొత్త దొర – పాత దుబాసి

చరిత్ర యనగా రాజుల యుద్ధములును, కోటల ముట్టడులును మాత్రమే యని తలచుట మన యలవాటు. కాని నేడు కోట్లకొలది జనుల బల్లలపై నున్న కంప్యూటరునకును చరిత్ర కలదు. అందును ప్రభుత్వములు మారుచుండును. మారినపుడెల్ల సామాన్యులకు గొంత నష్టము కలుగుచుండును. 2007వ సంవత్సరమున విండోసు విస్టా యను క్రొత్త ఆపరేటింగు సిస్టము వచ్చినప్పుడు, తెరపై బొమ్మలు చూపు విషయమున గలిగిన చిక్కులను గూర్చి నేను నేడు మనవి చేసెదను.

మొదట ఈ యంత్రము లోపలి యేర్పాటును కొంత తెలిసికొనవలెను. కంప్యూటరునందు సమస్త కార్యములను నడపు ప్రభుత్వము వంటిది ఆపరేటింగు సిస్టము. తెరపై అక్షరములను, బొమ్మలను చిత్రించు పని గ్రాఫిక్సు కార్డుది. ఈ రెండింటి భాషలు వేరు. నడుమ మాట నందించు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. పూర్వము చెన్నపట్టణమున కుంపిణీ దొరలకును, దేశపు వర్తకులకును నడుమ దుబాసీలుండెడివారు గదా! డ్రైవరు అట్టి దుబాసి. దొర మంచివాడైనను, వర్తకుడు సమర్థుడైనను, దుబాసి మాట తప్పుగా నందించినచో బేరము చెడును.

ఈ దుబాసికి కొలువులో నెంత చనువీయవలెనను ప్రశ్న పాతదే. మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోసు ఎన్.టి. యందు మొదట బొమ్మలు గీయు వ్యవహారము చాలవరకు సిస్టము గర్భమునకు వెలుపల జరిగెడిది. 1996లో ఎన్.టి. 4.0 వెలువడినప్పుడు వేగము కొరకై దానిని లోపలికి దెచ్చిరి. పని త్వరితమయ్యెను; కాని దానితోపాటు ముప్పును లోపలికి వచ్చెను. డ్రైవరు ఒక్క తప్పు చేసినను యంత్రమంతయు నిలిచిపోయి తెర నీలివర్ణము దాల్చుట సంభవించెడిది. 2001 అక్టోబరు 25వ తేదీన వెలువడిన విండోసు ఎక్స్.పి. కూడ నీ మార్గముననే నడచెను. అయిదేండ్లకు పైగా నదియే వాడుకలో నుండుటచే దుబాసీలు దాని కలవాటుపడిరి. తప్పులు క్రమముగా సవరింపబడెను.

పిమ్మట విస్టా వచ్చెను. 2006 నవంబరు 30న వ్యాపారసంస్థలకును, 2007 జనవరి 30న సామాన్య జనులకును అది లభించెను. అందు కిటికీల యంచులు గాజువలె మెరయు ‘ఏరో’ యను నలంకార మొకటి; అంతకంటె ముఖ్యమైనది డ్రైవరులకు విధింపబడిన క్రొత్త కట్టడి. డ్రైవరును రెండు భాగములు చేసి, పెద్ద భాగమును గర్భమునకు వెలుపల నిలిపి, చిన్న భాగమును మాత్రమే లోపల నుంచిరి. కార్డు రెండు సెకండ్లవరకు బదులు పలుకనిచో సిస్టమే దానిని మరల మేలుకొలుపు నేర్పాటును గావించిరి. ఉద్దేశము మంచిదే, 1996 నాటి ముప్పునకిది కొంత ప్రాయశ్చిత్తము. కాని పాత డ్రైవరులతో ఆ గాజు వైభవము రాదు. కార్డులు చేయువారందరును దుబాసీలకు మరల నక్షరాభ్యాసము చేయింపవలసి వచ్చెను.

వారు సకాలమున నేల సిద్ధపడలేదు? విస్టా విడుదల పలుమారులు వాయిదా పడెను. ఇక నిది నిజముగా వచ్చునని యెవరును నమ్మకపోవుటచే 2006 చివరివరకు పని మొదలిడలేదని, మైక్రోసాఫ్టు నాయకులలో నొకరైన స్టీవెన్ సినోఫ్‌స్కీ 2007లో కంపెనీ లోపల వ్రాసిన లేఖయందు తెలిపెను. ముహూర్తము మాటిమాటికి మారుచుండిన పెండ్లికి వంటవాడు పొయ్యి వెలిగింపడు గదా!

ఫలితము లెక్కలలో గాననగును. 2007లో మైక్రోసాఫ్టువారికి జేరి నమోదైన విస్టా వైఫల్యములలో నూటికి 28.8 వంతులు ఎన్విడియా డ్రైవరుల వలన, 17.9 మైక్రోసాఫ్టు వారి సొంత ప్రోగ్రాముల వలన, 9.3 ఏ.టి.ఐ. వలన, 8.8 ఇంటెల్ వలన గలిగెను. అయినను ఒక్క ఎన్విడియానే దోషిగా నెంచుట న్యాయము కాదు. ఎక్కువమంది యిండ్ల నున్న కార్డునకే ఎక్కువ ఫిర్యాదులు వచ్చుట సహజము.

ఈ లెక్కలు లోకమునకు దెలిసినది ఒక వ్యాజ్యము మూలమున. 2006లో అమ్మిన యంత్రములపై, ఇవి విస్టాకు తగినవని తెలుపు చీటీలంటించిరి. ఇంటెల్ వారి 915 అను చిప్‌సెట్టు క్రొత్త కట్టడికి లోబడలేనిది. అట్టి యంత్రములకును చీటీ దక్కునట్లు మైక్రోసాఫ్టువారు నియమమును సడలించిరి. కంపెనీలోని యొక పెద్ద యుద్యోగియే, తాను 2,100 డాలర్లకు గొన్న యంత్రము ఉత్తరములు వ్రాసికొనుటకు మాత్రమే పనికివచ్చెనని లోలోపల వాపోయెను. చీటీని నమ్మి కొన్నవారు 2007లో సియాటిల్ న్యాయస్థానము నాశ్రయించిరి. 2008లో వారందరి పక్షమున సామూహిక వ్యాజ్యమునకు అనుమతి లభించెను. 2009లో నా యనుమతి రద్దయ్యెను. జనులకు మిగిలినది ధనము గాదు, బయటపడిన యా లేఖలే.

2009 అక్టోబరు 22న వచ్చిన విండోసు 7ను అందరును మెచ్చుకొనిరి. విచిత్రమేమన, అందలి డ్రైవరు కట్టడి విస్టానాటిదే, కొలదిగా మెరుగుపరుపబడినది. ఈలోపల డ్రైవరులు పరిపక్వమయ్యెను, కార్డులు బలపడెను. చెట్టు నాటినవానికి నిందయు, ఫలము కోసినవానికి కీర్తియు దక్కెను. విస్టాకు మైక్రోసాఫ్టువారి సహాయము 2017 ఏప్రిల్ 11తో ముగిసెను.

ఈ చరిత్రనుండి నేను గ్రహించినది యిది. విస్టా కట్టడి తప్పు కాదు. దుబాసి సిద్ధపడక మునుపే దొరను గద్దె నెక్కించుట తప్పు. అంతకంటె పెద్ద తప్పు, లోపము తెలిసియు తగినదను చీటీ నంటించుట. మీ యింట బిడ్డలు క్రొత్త సిస్టము వేయుదమన్నచో వారింపకుడు. కాని మన కార్డునకు దగిన డ్రైవరును దాని తయారీదారులు సిద్ధముచేసిరా యని ముందుగా నడుగుడు. ముఖ్యమైన పత్రములను, చిత్రములను వేరొకచోట భద్రపరుపు మనుడు. పెట్టెపై నంటించిన చీటీని మాత్రమే చూచి సొమ్ము చెల్లింపకుడు. విత్తనముల సంచిపై ముద్ర యున్నను గుప్పెడు గింజలు తీసి పరీక్షించు రైతునకు ఈ జాగ్రత్త నేను క్రొత్తగా నేర్పవలసినది కాదు.