గత్తర నడిచిన దారి



ఎండలు ముదిరి తొలకరి పడేనాటికి ఊళ్ళలో వాంతులూ, భేదులూ మొదలవుతవి. ఊరిని ఊపేసే పెద్ద రోగాన్ని మన తెలంగాణా పెద్దలు గత్తర అన్నారు. గాలి సోకిందని కొందరు, అమ్మవారు అలిగిందని కొందరు అనుకునేవారు. అసలు అది ఏ దారిన వస్తుంది? హైదరాబాదు కథ వింటే తెలుస్తుంది.

1813లో ఇక్కడ గత్తర చెలరేగితే, ఉజ్జయినిలో ఉన్న సైనికుడు సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి సికింద్రాబాదులో అమ్మవారిని నిలిపాడనీ చెప్పుకుంటారు. లష్కరు బోనాల పుట్టుక అదేనట. మొక్కు తప్ప మందు తెలియని కాలం మరి!

1854లో లండనులో జాన్ స్నో అనే వైద్యుడు వీధుల పటం ఒకటి తీసుకుని, కలరాతో పోయినవారి ఇళ్ళకు గుర్తులు పెట్టాడు. గుర్తులు ఎక్కువగా బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ మూగినవి. పటం గీయకముందే ఆ పంపు పిడి ఊడదీయించారు. రోగం అప్పటికే తగ్గుముఖం పట్టింది గాని, దాని దారి మాత్రం దొరికింది. అది గాలిది కాదు, నీటిది.

హైదరాబాదులో 1908 మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరదకు అడ్డుకట్టలతో పాటు మురుగు కాలువలకూ పథకం వేశారు. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు నిలిచినవి. నగరానికి మంచినీళ్ళు వచ్చినవి. అయితే ఆ నీళ్ళు ఇంటిదాకా శుభ్రంగా చేరాలి గదా!

ఇప్పుడు అమీర్‌పేట, పంజగుట్టలకు రండి. బంజారాహిల్స్ మీద పడ్డ వాన ఈ పక్కనుంచే నాలాల్లో పడి హుస్సేన్‌సాగరు చేరుతుంది. చదువుకని, ఉద్యోగమని వచ్చిన మన పల్లెల పిల్లలు అమీర్‌పేట హాస్టళ్ళలో ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. అందరికీ ఒకటే సంపు, ఒకటే వంటశాల. సంపులో మురుగు చేరితే ఒక్కరితో పోదు, హాస్టలంతా పడకెక్కుతుంది.

మురుగు ఎట్లా చేరుతుందంటారా? నగరంలో నల్లా గొట్టం, మోరీ గొట్టం చాలాచోట్ల పక్కపక్కనే నడుస్తాయి. నీళ్ళు వదలని వేళ నల్లా గొట్టంలో ఒత్తిడి పడిపోయి, బీటల్లోంచి పక్కనున్న మురుగును పీలుస్తుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది అదే. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి కలరా వచ్చింది, ప్రాణాలు పోయినవి. అక్కడివాళ్ళు చేసిన తప్పేమిటి? నల్లా తిప్పి నీళ్ళు పట్టుకోవడమే!

అందుచేత విస్తరణ కార్యకర్తలు ఒక పని చేయాలి. ఊరి పటాన్ని నేల మీద ముగ్గుతో గీయండి. బావి, బోరు, పెంటకుప్ప, మరుగుదొడ్డి, మోరీ గుర్తించండి. భేదులైన ఇళ్ళ మీద ఎర్రమట్టి బొట్టు పెట్టండి. వాన నీరు ఎటు పల్లానికి పోతుందో ముసలివారిని అడగండి. బొట్లన్నీ ఏ బావి చుట్టూ చేరాయో ఊరే చూస్తుంది. మీరు ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

ఈలోగా ఎవరికైనా భేదులైతే, లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకుపోండి. చెంచా కుప్పగా కాదు, అంచుకు సరిగా కొలవాలి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపవద్దు.

అమీర్‌పేట పక్కనే బల్కంపేటలో ఎల్లమ్మ తల్లి బావిలోనే కొలువై ఉంది. బావిని దేవత అన్న జాతి మనది. ఆ బావి పక్కన పెంట పోయకుండా ఉంటే, సగం మొక్కు చెల్లినట్టే.