బ్లాక్ ఫంగస్ కరోనాతో పుట్టలేదు

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్‌ను చాలామంది కరోనా వెంట వచ్చిన కొత్త రోగమనుకున్నారు. ఆక్సిజన్ గొట్టాలను, తడిసిన మాస్కులను అనుమానించారు. ఆ నమ్మకం నేటికీ చెదరలేదు. ఆసుపత్రుల రికార్డులు దాన్ని సమర్థించవు.

మ్యుకార్‌మైకోసిస్ అనే వైద్య నామం గల ఈ రోగం 19వ శతాబ్దం నుంచీ వైద్యులకు తెలిసిందే. 1885లో పాల్టౌఫ్ అనే వైద్యుడు దాన్ని వివరంగా వర్ణించాడు. 1943లో అమెరికా వైద్యులు ముగ్గురు మధుమేహ రోగుల్లో అది మెదడు దాకా పాకిన తీరును నమోదు చేశారు. 1950ల చివర్లో ఆంఫోటెరిసిన్-బి అనే మందు రావడంతో చికిత్సకు దారి దొరికింది.

అసలు చూడవలసింది ఆ తర్వాత మన దేశంలో జరిగినదాన్ని. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో అరుణాలోక్ చక్రబర్తి బృందం 1990ల పదేళ్లలో 129 కేసులు చూసింది. 2000–2004 మధ్య అయిదేళ్లకే 178 వచ్చాయి. కరోనా ఊసే లేని కాలమది. ఆ రోగుల్లో ఎక్కువమందికి ఉన్నది అదుపు తప్పిన షుగర్. షుగర్ ముదిరి రక్తంలో ఆమ్లాలు పెరిగితే, ప్రోటీన్లు పట్టి ఉంచిన ఇనుము విడిపోతుంది. అదే ఈ బూజుకు మేత. పైగా తెల్ల రక్తకణాలు చురుకుదనం కోల్పోతాయి. అందరూ పీల్చే గాలిలోని బూజు కొందరికే ప్రాణాంతకం కావడానికి కారణమిదే.

2021 నాటి సాక్ష్యమూ ఇటే మొగ్గుతుంది. హైదరాబాద్ కంటి వైద్యుడు సంతోష్ హొనావర్ తదితరులు దేశం నలుమూలల నుంచి 2,826 మంది రోగుల వివరాలు సేకరించారు. వారిలో 78 శాతం మధుమేహులు. 87 శాతం మందికి కరోనా చికిత్సలో స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆక్సిజన్ అవసరమైనవారు 57 శాతమే. ఆక్సిజనే మూలమైతే మిగిలినవారికి రోగం ఎలా సోకింది?

అలాగని నేరమంతా స్టెరాయిడ్ల మీద మోపడమూ సరికాదు. వాటిని పది రోజులకు మించి వాడింది దాదాపు ఐదో వంతు మందే. ఇతర దేశాల్లోనూ అవే మందులు ఇచ్చారు, అక్కడ ఇంతటి ఉప్పెన రాలేదు. వైరస్ సైతం షుగర్‌ను పెంచి, రక్తనాళాలను దెబ్బతీస్తుంది. అయితే ఈ దెబ్బలన్నీ ఎక్కువగా తగిలింది అప్పటికే షుగర్‌తో డస్సిన శరీరాలకు.

2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని బ్లాక్ ఫంగస్ చికిత్సా కేంద్రంగా చేసింది. ఆంధ్రప్రదేశ్ ఈ రోగాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. రెండూ మెచ్చదగినవే, కానీ రోగం వచ్చాక చేసే పనులు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారని అంచనా వేసింది. స్టెరాయిడ్లు మందుల చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. ముఖం వాచి, ముక్కు దిబ్బడతో వచ్చిన షుగర్ రోగిని ఆ రోజే ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి పంపే ఏర్పాటు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. అది లేకుండా 2021 నుంచి నేర్చుకున్నామని చెప్పుకోవడం తొందరపాటే.