స్కూలు బస్సు ప్రమాదాలు – రక్షణ శిక్షణ పరిణామం: కెంటకీ అనుభవం (1958–1988)

1. ప్రవేశిక

స్కూలు బస్సులో పదుల సంఖ్యలో పిల్లలుంటారు. బయటపడే దారులు కొన్నే. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ముప్ఫై ఏళ్ల ఎడంతో జరిగిన రెండు దుర్ఘటనలు, రక్షణ శిక్షణ ఎవరికి అవసరమన్న ప్రశ్నకు రెండు భిన్న సమాధానాలిచ్చాయి. వాటి పరిశీలనే ఈ వ్యాస లక్ష్యం.

2. ప్రెస్టన్స్‌బర్గ్ (1958)

1958 ఫిబ్రవరి 28న ప్రెస్టన్స్‌బర్గ్ సమీపంలో ఒక స్కూలు బస్సు రోడ్డుపై ట్రక్కును ఢీకొని, పొంగి ప్రవహిస్తున్న బిగ్ శాండీ నది లెవీసా పాయలో పడిపోయింది. 22 మంది పిల్లలు బయటపడగా 26 మంది పిల్లలు, డ్రైవరు మరణించారు. మునిగిన బస్సును వెలికి తీయడానికే రెండు రోజులకు పైగా పట్టింది. శిక్షణ పొందిన స్థానిక దళం ఎంత అవసరమో దీనితో స్పష్టమైంది. ఫలితంగా ఫ్లాయిడ్ కౌంటీలో అత్యవసర రక్షణ దళం ఏర్పడింది.

3. ప్రమాణాలు – కొత్త సమస్య

1974 నాటి చట్ట సవరణను అనుసరించి, 1977 ఏప్రిల్ 1 నుంచి స్కూలు బస్సుల పైకప్పు, రేకుల అతుకులు, సీట్లు, ఇంధన వ్యవస్థలకు సమాఖ్య ప్రమాణాలు అమలయ్యాయి. దృఢమైన బస్సు పిల్లలను కాపాడుతుంది. కానీ దాన్ని కోసి లోపలికి చేరవలసిన రక్షకుడికి ఆ దృఢత్వమే అవరోధం. కనుక వాడుక ముగిసిన బస్సులపై కోత అభ్యాసం, నిర్మాణ పరిజ్ఞానం శిక్షణలో ముఖ్యాంశాలయ్యాయి.

4. కారల్టన్ (1988)

1988 మే 14న కారల్టన్ వద్ద తప్పుదారిలో ఎదురొచ్చిన ట్రక్కు, చర్చి వాడుకలో ఉన్న ఒక పాత స్కూలు బస్సును ఢీకొంది. అందులో 67 మంది ఉన్నారు. ఆ బస్సు 1977 మార్చిలో, అంటే కొత్త ప్రమాణాల అమలుకు కొద్ది రోజుల ముందు తయారైంది. పెట్రోలు ట్యాంకు చిల్లుపడి మంటలు లేచాయి. ముందు తలుపు పనికిరాకుండా పోయింది. వెనుక ద్వారం వద్ద తొక్కిసలాట జరిగింది. మరణించిన 27 మందినీ బలిగొన్నవి పొగ, మంటలే గాని ఢీకొన్న దెబ్బ కాదు. నిమిషాల్లో ముగిసిన ఈ ఘటనలో బయటి దళం సకాలంలో చేరుకునే అవకాశమే లేదు. అనంతరం కెంటకీ స్కూలు బస్సులకు తొమ్మిది అత్యవసర నిర్గమాలను తప్పనిసరి చేసింది.

5. ముగింపు

మొదటి దుర్ఘటన రక్షక దళాన్ని సృష్టించింది. రెండవది ఆ దళం పరిమితిని చూపింది. అందువల్ల డ్రైవరుకూ పిల్లలకూ ఇచ్చే తరలింపు అభ్యాసాన్ని రక్షణ శిక్షణకు అనుబంధంగా కాక, దాని తొలి దశగా పరిగణించాలి. దళం వచ్చేలోపు గడిచే నిమిషాల్లో బస్సులో ఉన్నవారే రక్షకులు.